వేలి కణుపంత సీసం

మా మేనకోడలు శ్రావణికి విమానాశ్రయంలో ఉద్యోగం వచ్చింది. ప్రయాణికుల సంచులను ఎక్స్‌రే తెర మీద చూసే పని. నేను ముప్పై ఏళ్ళకు పైగా చేసి దిగిన పని. శిక్షణ మధ్యలో ఒక ఆదివారం మచ్చ బొల్లారంలోని మా ఇంటికి వచ్చి, తన పుస్తకం నా ముందు పెట్టింది.

"ఈ పుస్తకంల సంచులున్నయి మామా, మనుషులు లేరు. నువ్వేమన్న రాసియ్యరాదు?" అన్నది.

అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయాలంటే ముందు అవి రావాలి. నాకు రెండే వచ్చాయి, రెండోది వీడ్కోలు సభలో పూలదండతో పాటే వచ్చింది. ఫైళ్ళ గురించీ రాయను. కొత్తగా ఆ కుర్చీలో కూర్చోబోయే పిల్లలకు పనికొస్తుందనుకున్నదే రాస్తాను. మొదటిసారి విమానం ఎక్కబోయేవాళ్ళు చదివినా నష్టం లేదు.

తెర మీద ఏం కనబడుతుంది

నేను చేరినప్పుడు తెర నలుపు తెలుపు. తరవాత దానికి రంగులొచ్చాయి. అదే కాలంలో నా జుట్టు నలుపు నుంచి తెలుపుకు వెళ్ళింది. తెరకూ నాకూ లెక్క సరిపోయింది.

తిండి, బట్ట, కాగితం, సబ్బు లాంటివి నారింజ రంగులో కనబడతాయి. ఇనుము నీలంగా ఉంటుంది. సీసం లాంటి బరువైన లోహమైతే కిరణం దాన్ని దాటలేదు, నల్లటి మచ్చ పడుతుంది. లడ్డూకీ సబ్బుకీ రంగులో తేడా ఉండదు. ఈ సంగతి మా ఆవిడ సుజాతకు చెబితే, "అందుకేనా నేను ఏం వండిపెట్టినా సప్పుడు జెయ్యకుంట తింటరు!" అన్నది.

తెర ముందు ఒక మనిషిని ఎక్కువసేపు కూర్చోబెట్టరు. కళ్ళు అలిసిపోతాయి. కళ్ళు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం సెలవు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ సెలవు చీటీ మీద ఎవరూ సంతకం పెట్టరు, మనమే కనిపెట్టుకోవాలి. నీ చూపు వెళ్ళిపోయిందని తోస్తే లేచి చెప్పు. సిగ్గుపడకు. నేను మొదటి ఏడాదంతా సిగ్గుపడ్డాను. దాని వల్ల ఎన్ని సంచులు చూడకుండా వదిలేశానో ఆ దేవుడికే తెలియాలి. ఆయన కూడా అప్పుడు డ్యూటీలో ఉండి ఉంటేనే.

పిళ్ళై సారు, డబ్బా సారు

నా మొదటి పై అధికారి పిళ్ళై సారు. తక్కువ మాట్లాడేవాడు. ఆ తక్కువలో సగం మలయాళం, సగం హిందీ. చేరిన వారానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాడు. నాకు అర్థమైనంత వరకు దాని సారం ఇది: దాచి తెచ్చేవాడు ఎప్పుడో ఒకడు వస్తాడు, మరిచిపోయి తెచ్చేవాడు రోజంతా వస్తూనే ఉంటాడు. ఎదుటి మనిషి ఏం దాచాడా అని కాదు, ఏం మరిచిపోయాడా అని వెతుకు.

ఈ ఒక్క మాటతో నా గొంతు మారింది. దాచినవాడిని పట్టుకునే గొంతు వేరు, మరిచిపోయినవాడికి గుర్తుచేసే గొంతు వేరు. గోదాములో పనిచేసే మనిషి సంచి అడుగున అట్టపెట్టెలు కోసే బ్లేడు ఉంటుంది. దర్జీ సంచిలో కత్తెర ఉంటుంది. వాళ్ళు దొంగలు కారు. రోజూ పనికి తీసుకెళ్ళే సంచినే దులిపి, అందులోనే బట్టలు పెట్టుకుని వచ్చినవాళ్ళు.

కాబట్టి ప్రయాణికులకు నేను చెప్పే మొదటి మాట: సంచిని సర్దడానికి ముందు తిరగేసి దులపండి. ప్రతి జేబులో చెయ్యి పెట్టండి. మీ సంచిలో ఏముందో మాకంటే ముందు మీకు తెలియాలి.

పిళ్ళై సారు బదిలీ అయ్యాక ఇంకొకాయన వచ్చాడు. పేరు వద్దు, మేము డబ్బా సారు అనేవాళ్ళం. ప్రయాణికుల దగ్గర ఆపేసిన వస్తువులు వేసే డబ్బా సాయంత్రానికి నిండితే ఆయన ముఖం నిండేది. డబ్బా వెలితిగా ఉంటే, "ఈరోజు అందరూ నిద్రపోయారా?" అనేవాడు. అలాంటి అధికారి కింద పనిచేస్తే మన కళ్ళు పదునెక్కుతాయి, అది ఒప్పుకోవాలి. కానీ చెవులు మూసుకుపోతాయి. నావి మూసుకుపోయాయి.

అడకత్తెర

అది పండగ రోజుల రద్దీ. వరస మొదట్లో నిలబడి జనాన్ని ముందుకు నడిపించడం ఆ పూట నా పని. ఒక పెద్దాయన, పంచె కట్టుకున్నాయన, చేతిసంచిలోంచి ఏదో సగం బయటికి తీసి, "బాబూ, ఇది లోపలికి పోనిస్తారా?" అని అడిగాడు.

నేను చూడలేదు. "ముందుకు నడవండి, ముందుకు నడవండి" అన్నాను. ఆ పూట ఎన్ని వందల సార్లు అన్నానో, అందులో అదొకటి.

చాలాసేపటి తరవాత నన్ను తెర దగ్గరికి మార్చారు. ఒక సంచిలో నీలం రంగులో రెండు పిడులు, మధ్యలో అంచు. తెరిపించాను. పాత ఇత్తడి పిడుల అడకత్తెర. ఎదురుగా అదే పెద్దాయన. అంచున్న వస్తువు, లోపలికి పంపకూడదు. అప్పటికే ఆయన విమానం పేరు మైకులో ఆఖరిసారి పిలుస్తున్నారు.

"ఇదన్నా ఉండాలి, విమానమన్నా ఉండాలి. తొందరగా చెప్పండి" అన్నాను.

"మా అమ్మది" అన్నాడు. ఆ వెంటనే, "నేను ముందే అడిగాను కదా బాబూ" అన్నాడు. కోపంగా కాదు. ఎక్కడ పొరపాటు జరిగిందో తనలో తాను చూసుకుంటున్నట్టు అన్నాడు. అడకత్తెరను తనే డబ్బాలో వేశాడు. విసరలేదు, పెట్టాడు. వెళ్ళిపోయాడు.

ఆయన్ను ఆపడం తప్పు కాదు. ఇవాళైనా ఆపుతాను. ఆయన అడిగినప్పుడు తల తిప్పి చూడకపోవడం తప్పు. అప్పుడు చూసి ఉంటే, "వెనక్కి వెళ్ళి, విమానం కడుపులోకి పంపే సామానులో వేసిరండి, టైముంది" అని చెప్పేవాణ్ణి. కాదనడం మన ఉద్యోగమే. కానీ ఏదో ఒక దారి మిగిలి ఉండగా కాదనడం వేరు, అన్ని దారులూ మూసుకుపోయాక కాదనడం వేరు. మొదటిదానికి జీతం తీసుకోవచ్చు. రెండోదానికి కూడా తీసుకున్నాను.

డబ్బా సారు ఆ సాయంత్రం నా భుజం తట్టాడు.

వరండాలో తనిఖీ

ఉద్యోగం దిగాక కాలనీలో నాకొక పని తగులుకుంది. ఎవరు విమానం ఎక్కబోతున్నా, రెండు రోజుల ముందు సంచి తెచ్చి మా వరండాలో బల్ల మీద పెడతారు. "సారుకు చూపిస్తే పాస్" అని పేరొచ్చింది. ఉద్యోగంలో రాని పేరు.

గడిచిన చలికాలంలో మల్లమ్మ వచ్చింది. శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. మేము ఏళ్ళుగా ఆమె దగ్గరే కొంటాం. చెరువులో వల వేసే భర్త, యాదగిరి, నాలుగేళ్ళ కింద కామెర్లతో పోయాడు. ఒక్కతే కూతురు, స్వప్న. పోలీసు దళంలో ఎంపికై, ఢిల్లీ దాటి ఎక్కడో శిక్షణలో ఉంది. శిక్షణ ముగింపు కవాతుకు తల్లిని రమ్మని, టికెట్ తీసి ఫోన్‌కు పంపింది. మధ్యాహ్నం విమానంలో ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి బస్సు, తెల్లవారితే కవాతు. కవాతు అయ్యాక పిల్లల భుజం మీద చిహ్నం తల్లో తండ్రో పెట్టాలట. విమానం తప్పితే బస్సు తప్పుతుంది, బస్సు తప్పితే స్వప్న భుజం ఒట్టిదే.

"పరేషాన్ అయితాంది సారు. బస్సు తప్ప ఏదీ ఎక్కలే నేను" అన్నది మల్లమ్మ, సంచి బల్ల మీద పెట్టి.

"ముందు సంచి తిరగెయ్యి" అన్నాను.

అది బజారు సంచే. ఎంత ఉతికినా చెరువు వాసన వదల్లేదు. తిరగేస్తే రెండు చీరలు, దువ్వెన, ఒక స్టీలు డబ్బా పడ్డాయి. పక్కజేబులో చెయ్యి పెడితే చేపల పొలుసు గీకే చిన్న కత్తి దొరికింది.

"అయ్యో, గిది యాడికెల్లి వచ్చింది!" అని మల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పిళ్ళై సారు గుర్తొచ్చాడు.

"డబ్బాలేంది?"

"చేపల పులుసు. పోరికి పానం అది."

"పులుసు వద్దు మల్లమ్మా. కారిందంటే విమానమంత శామీర్‌పేటనే అయితది. ముక్కలు వేయించి కట్టు."

సుజాత లోపలి నుంచి తన ప్రయాణపు సంచి తెచ్చి, "ఇగో, గిది వట్టుకపో. నీ సంచిని చూస్తే విమానం కాడ పిల్లులు వెంటవడ్తయి" అన్నది.

"నీ సంచికి చేపల వాసన అంటితె నన్ను తిట్టొద్దక్కా" అన్నది మల్లమ్మ.

తరవాత ఆమె కాళ్ళ వైపు చూసుకుంది. మందపాటి వెండి కడియాలు. "ఇవి తియ్యమంటరా సారు? పెండ్లినాడు ఎక్కిచ్చినయి. ఇగ రావు."

తియ్యమనరు. కానీ ద్వారం దాటేటప్పుడు మోత మోగుతుంది, అప్పుడు ఆడమనిషి తెర చాటుకు తీసుకెళ్ళి చేతి యంత్రంతో చూస్తుంది, అంతే. ఇది మాటల్లో చెబితే ఆమె కళ్ళలో భయం తగ్గలేదు. అందుకని వరండాలోనే చేసి చూపించాం. చిన్న పీట మీద మల్లమ్మను చేతులు చాపి నిలబెట్టాం. సుజాత రొట్టెల కర్ర పట్టుకుని యంత్రమైంది. కడియాల దగ్గరికి రాగానే "కీక్" అన్నది. మల్లమ్మకు నవ్వు ఆగలేదు, పీట మీద నుంచి పడబోయింది.

"నవ్వితె లోపలేస్తరు" అన్నది సుజాత.

"గట్ల బెదిరియ్యకు" అన్నాను. ఇది అందరికీ చెప్పే మాట. ఇంట్లోవాళ్ళు మరీ భయపెట్టి పంపితే మనిషి అక్కడ బిగుసుకుపోతాడు, బిగుసుకుపోయినవాడి మీదకే అందరి కళ్ళూ పోతాయి.

రొట్టెల కర్ర నడుము దగ్గరికి వచ్చేసరికి కొంగు ముడికి తగిలి టక్కుమంది.

"గిదేందే?" అన్నది సుజాత.

మల్లమ్మ నవ్వు పోయింది. పీట దిగింది. నెమ్మదిగా ముడి విప్పింది. వేలి కణుపంత సీసం ముక్క. వల నీళ్ళలో మునగడానికి అంచుకు కడతారే, అది. వాడివాడి నున్నగా అయింది.

"స్వప్న నాయినది. వల చినిగిపోయింది, గిదొక్కటి వెట్టుకున్న. పోరి భుజానికి బిళ్ళ పెట్టేటందుకు ఆయన రాలేడు గద సారు. గిదన్న పోవాలె" అన్నది.

నేను వెంటనే, "అది వద్దు మల్లమ్మా. తెర మీద తూటా లెక్క కనవడ్తది. ఇంట్ల పెట్టిపో" అన్నాను. ముప్పై ఏళ్ళ గొంతు, తనంతట తాను వచ్చింది.

ఆమె ముక్కను మళ్ళీ కొంగులో పెట్టి ముడి వెయ్యబోయి, ఆగి, నా వైపు చూసింది. సుజాత రొట్టెల కర్ర బల్ల మీద పెట్టి, "డ్యూటీ దిగి మూడేండ్లాయె. మీరు మాత్రం ఇంక దిగలే" అన్నది.

అప్పుడు ఆ పెద్దాయన మాట వినబడింది. నేను ముందే అడిగాను కదా బాబూ.

"ఇటు ఇయ్యి" అని ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. ఈసారి నిజంగా చూశాను. "మల్లమ్మా, పోనిస్తరని నేను మాటియ్యలేను. ఆ కుర్చీల కూసున్నోళ్ళ ఇష్టం, వాళ్ళు కాదంటె తప్పు వాళ్ళది కాదు. తియ్యరాని కడియాలతోని పోతున్నవు, దానికి తోడు కొంగుల ముడి దొరికితె దాచినవనుకుంటరు. ముడి వద్దు. దీన్ని ట్రేల అందరికీ కనవడేటట్టు పెట్టు. వాళ్ళు అడగకముందే నువ్వే చెప్పు. ఏం చెప్తవు?"

"మా ఆయన వల సీసం అని."

"అంతే. ఒక్క ముక్క ఎక్కువ చెప్పకు, తక్కువ చెప్పకు."

"కాదంటె?"

"సంచిలేసి, ఆ సంచిని సామాన్లకు ఇచ్చిరావాలె. దానికి టైం ఉండాలె. అందుకే విమానానికి నాలుగు గంటల ముందు పోదం."

"ముందుగాలనే సామాన్ల వేస్తే?" అన్నది సుజాత.

"వద్దక్కా. మా పక్కింటోళ్ళ సంచి గట్లనే వేరే ఊరికి పోయింది. చేతుల ఉంటెనే నాకు సల్లగుంటది" అన్నది మల్లమ్మ.

అద్దం ఇవతల

పొద్దున్నే కారులో బయల్దేరి శామీర్‌పేటలో మల్లమ్మను ఎక్కించుకున్నాం. రింగు రోడ్డు మీద దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. చెవి పెడితే, "టికెట్, ఆధార్, ట్రే, చేతులు చాపుడు, మా ఆయన వల సీసం" అని వల్లె వేస్తోంది.

నాలుగు గంటల ముందే చేరాం. నిజానికి ఇంకా ఇరవై నిమిషాలు ముందు. ద్వారం దగ్గర టికెట్, ఆధార్ చూపించి మల్లమ్మ లోపలికి వెళ్ళింది. వెనక్కి చూడలేదు. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. ఒకప్పుడు నేను రోజుకు పదిసార్లు దాటిన ద్వారం. ఇప్పుడు నా దగ్గర టికెట్ లేదు.

అన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తెలియని చోటు అది. తెర అవతల ఏముందో చూశాను, తెర ముందు నిలబడ్డ మనుషుల్ని చూశాను. వాళ్ళను లోపలికి పంపి ఇక్కడ నిలబడేవాళ్ళను మాత్రం ఎప్పుడూ చూడలేదు. వాళ్ళకు కూర్చోవడానికి సరైన బెంచీలు కూడా లేవని ఆరోజే తెలిసింది. సుజాత రెండుసార్లు టీ తెచ్చింది. రెండుసార్లూ చల్లారిపోయింది.

గంటన్నర తరవాత ఫోన్ మోగింది.

"సారు, కాదన్నరు" అన్నది మల్లమ్మ.

ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"కడియాల కాడ కీకుమన్నది, అక్క అన్నట్టే. మంచిగ తెర సాటుకు తోల్కపోయిండ్రు. ట్రేల సీసం నేనే చూపిచ్చిన. ఆడ ఒక పిల్ల ఉన్నది, మా స్వప్న ఈడుది. చేతుల వట్టుకొని చూసింది. పెద్దసారును పిలిచింది. ఆయన, చేతి సంచిల వద్దు అన్నడు."

"మరి?"

"ఆ పిల్లనే, అమ్మా నీకు మస్తు టైం ఉన్నది, సామాన్ల వేసిరాపో అన్నది. ఒక మనిషిని తోడు వంపింది. సీసాన్ని చీర మడతల వెట్టి, సంచి ఇచ్చి, చీటీ తీసుకొని మళ్ల వచ్చిన. రెండోపారి ఆ పిల్ల చెప్పకముందే చేతులు చాపి నిలవడ్డ. నవ్వింది."

"సల్లగుండు మల్లమ్మా."

"సంచి వస్తదంటవా సారు?"

ఉద్యోగంలో ఇలాంటి ప్రశ్నలకు నా దగ్గర ఒక జవాబు ఉండేది: మా విభాగం కాదు. ఆరోజు, "వస్తది" అన్నాను. నా విభాగం కాకపోయినా.

సాయంత్రం ఢిల్లీ నుంచి మళ్ళీ ఫోన్ చేసింది. చుట్టూ సామాన్ల చక్రాల చప్పుడు. "గుండ్రంగ తిరిగే పట్టీ మీద అందరియి వస్తున్నయి, మనది వస్తలేదు సారు" అన్నది. ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. ఇద్దరం ఆ చప్పుడే విన్నాం. సుజాత వంటింట్లో పొయ్యి ఆపి వచ్చి నా పక్కన నిలబడింది.

"అగ్గో, అక్క సంచి!" అన్నది మల్లమ్మ. ఫోన్ ఆపడం మరిచిపోయి పరుగెత్తినట్టుంది. కడియాల చప్పుడు వినబడింది.

పిడికిలి

శ్రావణీ, నువ్వు అడిగిన మనుషులు వీళ్ళు. మల్లమ్మను కాదన్న పెద్దసారు తప్పు చేశాడని నేను అనను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. కానీ ఆ పిల్ల చేసింది చూడు. కాదన్న మాట పక్కనే ఇంకో దారి చూపించింది, ఒక మనిషిని తోడు ఇచ్చింది. నాకు అది నేర్చుకోవడానికి ఒక అడకత్తెర పట్టింది. ఆ పిల్లకు ఎవరు నేర్పారో తెలియదు. ఎవరైనా మల్లమ్మలా ముందే వచ్చి అడిగితే, నువ్వు చేస్తున్న పని ఆపి తల తిప్పి చూడు. అంతే నేను చెప్పగలిగింది.

మర్నాడు మధ్యాహ్నం సుజాత ఫోన్‌కు ఫొటో వచ్చింది. ఎవరో తీసిపెట్టారు. ఖాకీ బట్టల్లో స్వప్న, భుజం మీద కొత్త చిహ్నం మెరుస్తోంది. పక్కన మల్లమ్మ, ఎండకు కళ్ళు చిట్లించి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని ఉంది. ఆ కొంగులో ముడి లేదు.

స్వప్న సావధాన్ భంగిమలో నిలబడి ఉంది. రెండు చేతులూ పక్కకు ఆనించి, పిడికిళ్ళు బిగించి. ఫొటో అంచున ఇంకా నలుగురు పిల్లలు కనబడుతున్నారు. అందరి పిడికిళ్ళూ అలాగే బిగించి ఉన్నాయి.

నేను వేళ్ళతో ఫొటోను పెద్దది చేశాను. ఎడమ పిడికిలి, కుడి పిడికిలి. ఇంకా పెద్దది చేశాను. చుక్కలు చుక్కలుగా విడిపోయింది.

"సీసం ఉందంటరా అండ్ల?" అన్నది సుజాత.

ఫోన్ చేసి అడగొచ్చు. మల్లమ్మ దాచే మనిషి కాదు, అడిగితే చెబుతుంది. నేను అడగలేదు. ఒక మనిషి చేతిలో ఏముందో కావాలనే చూడకుండా నేను పోనిచ్చింది నా జన్మలో అదొక్కసారే.